ఇంకో రోజుంది

కాగితాన్ని బియ్యం డ్రమ్ములో దాచింది అక్క.
"ఈ ఉప్పుగాలి ఇనపూసల్నే తినెస్తాది,
కాయితం ఒక లెక్కేటే?" అంది.
నిజమే. హార్బరు వెనక మా ఇంట్లో
కిటికీ ఊచలు చేగోడీల్లా విరుగుతాయి.

పడవ ఇద్దరి పేరునా ఉంది.
నా సగం అక్కకి రాసిచ్చెయ్యడానికి వచ్చాను.
మత్స్యశాఖ ఆఫీసులో మూడు సంతకాలు, ఒక వేలిముద్ర,
ఫ్యాను కింద ఎగిరిపోకుండా ఒక పేపర్‌వెయిటు.
అరగంట.
ఉన్నది వదులుకోడానికి అంతే పట్టింది.
ఇమ్మని అడిగినదానికి మాత్రం
తొమ్మిదేళ్ళుగా వరసలో నిలబడి ఉన్నాను.

రేవు నిండా బోట్లు,
ఒకదాని భుజం మీద ఒకటి తల పెట్టుకుని.
వేట నిషేధం.
వల చిరుగులు కుట్టుకుంటున్న గరికిన నూకాలు మామని
ఎప్పుడు మామా వదిలేది అంటే,
"జూను పద్నాలుగు, రాత్రి పన్నెండు."
సూది మీంచి తల ఎత్తలేదు.
నాకు కుళ్ళు పుట్టింది.
చేపలు గుడ్లు పెట్టుకోడానికి సర్కారిచ్చిన గడువు,
దానికీ ఒక చివర ఉంది.

మేడ మీద అద్దెకుండే ఆసిరయ్య గారు
అడవివరం జైల్లో ముప్పై రెండేళ్ళు వార్డరు.
నీ కాగితం పేరేటన్నారు. చెప్పాను.
టీ గ్లాసు కింద పెట్టేశారు.
"పెరోలా? నువ్వేటి సేసినావమ్మా?"

ఏం చేశాను?
ఒహాయోలో ఒక ఆస్పత్రి ల్యాబులో రక్తాల గ్రూపులు చూస్తాను.
పన్ను కడతాను. గుమ్మం ముందు మంచు ఎత్తిపోస్తాను.
ఒకే పది వేళ్ళని నాలుగుసార్లు అచ్చు తీయించుకున్నాను.
"ఏం చెయ్యలేదండీ. దరఖాస్తు చేశాను."

అక్క పడీపడీ నవ్వింది. ఆయన నవ్వలేదు.

"పైడయ్యని ఒకడుండీవోడు.
పదేను రోజులకి పెరోలు మీద వదిలినాం.
పద్నాలుగో రోజు సాయంత్రం బస్సు దిగి
గేటు కొట్టినాడు.
ఊర్లో నా మంచం అమ్మీసినారు బాబూ,
లోనకొచ్చీస్తానన్నాడు.
రిజిస్టరు తీసి సూసినాను.
ఇంకో రోజుంది, రూలొప్పదు, ఎల్లన్నాను.
రాత్రల్లా గోడవతల పడుకున్నాడమ్మా.
లోన ఆడి సోటు కాళీయే."

చాలాసేపు సముద్రం వైపు చూశారు.
"బీడీ ఇచ్చినాన్లే," అన్నారు,
నేనేదో అడిగినట్టు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌసు
తిప్పి తిప్పి అదే గోడని సోదా చేస్తోంది.
నా కాగితం వెనకవైపు చిన్నక్షరాల్లో ఉంటుంది:
ఇది ఉన్నంత మాత్రాన లోపలికి రానిస్తామని హామీ లేదు.
డ్రమ్ము తెరవకుండానే ఆ మాట చదవగలను,
ఎన్నో పంక్తిలో ఉందో కూడా చెప్పగలను.
పక్కగదిలోకి పొమ్మంటే పోవాలి.
అడిగినదానికే జవాబివ్వాలి.
ఎందుకు వెళ్ళావంటే?
పడవ వదులుకోడానికి అంటే నమ్ముతారా?
అద్దం ముందు చెప్పి చూసుకున్నాను.
నాకే అబద్ధంలా వినిపించింది.

పొద్దున్నే మోచేతి దాకా చెయ్యి ముంచి
అక్క దాన్ని పైకి తీసింది.
తవుడు దులిపింది. మడతలో ఒక గింజ
ఇరుక్కుని రాలేదు.
ఉండనీ అన్నాను.

ఆటో వచ్చింది. నూకాలు మామ కావిడి లేకుండా
ఖాళీ చేతుల్తో రోడ్డు దాటుతున్నాడు.
మేడ మీంచి ఆసిరయ్య గారు
కిందికి చూసి, గోడ గడియారం చూసి,
"బేగి ఎల్లమ్మా," అన్నారు.
"కానీ మరీ బేగొద్దు."

"మల్లీ ఎప్పుడే?" అంది అక్క.

నాకేం తెలుసు.
నోటికొచ్చిన తేదీ ఒక్కటే,
"జూను పద్నాలుగు, రాత్రి పన్నెండు" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను.
కొంగుతో చేతికంటిన తవుడు తుడుచుకుంటూ
"ఏ సమచ్చరం?" అంది.